వంతు బండి

మేస్త్రమ్మ పెద్దకర్మ భోజనాల్లో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పప్పన్నం కలుపుకుంటూ అన్నాడు: "మంచి మనిషే పాపం. ఆ దుర్గ విషయంలోనే మొండిపట్టు పట్టింది. ఆ రోజు బైక్ మీద వెళ్ళనిచ్చి ఉంటే బిడ్డ దక్కేది."

ఎదురు బంతిలో కూర్చున్నవాళ్ళు అవునన్నట్టు తలలు ఊపారు. నేనూ ఊపాను.

చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాక గాని ఆ తల ఊపడం నాకు గుర్తు రాలేదు. ఇన్నేళ్ళుగా నోరు మూసుకుని ఉన్నాను. ఆవిడ పోయాక, ఆవిడ పేరున వడ్డించిన అన్నం తింటూ, అబద్ధానికి సాక్ష్యం కూడా చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ అసలు పేరు రాయను. ఆ పేరు మీద నావల్ల పడింది చాలు. మా మామిడి షెడ్డులో ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే మేస్త్రి కాబట్టి ఊరంతా మేస్త్రమ్మ అనేవారు. నేనూ అలాగే అంటాను.

చాట్రాయి దాటాక లోపలికి ఉంటుంది మా ఊరు. నాకు తోటలున్నాయి, కాయ కొనే షెడ్డు ఉంది. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి చినుకులు పడేదాకా కాలనీలోని ఆడవాళ్ళందరికీ మా షెడ్డులోనో, నాలాంటి ఇంకొకరి షెడ్డులోనో పని. మగవాళ్ళు చెట్లెక్కి కోస్తే వీళ్ళు మోస్తారు, సొన తుడుస్తారు, మచ్చకాయ వేరుచేస్తారు, గడ్డి వేసి సర్దుతారు.

మేస్త్రమ్మ మనిషి పొట్టి. గొంతు మాత్రం తోట ఈ చివర నిలబడితే ఆ చివర వినపడేది. పొద్దున్నే షెడ్డులోకి రాగానే అందరూ అందరి ముఖాలు చూసుకుంటే ఆవిడ కాళ్ళు చూసేది. కడుపుతో ఉన్న ఆడమనిషి కనపడితే పలకరింపు ఒకటే.

"ఏదీ, కాళ్ళు చూపించు."

ఆ అమ్మాయి చీర కాస్త పైకి లాగితే, వంగి చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసేది. గుంట పడి నిలిచిపోతే ముఖం మాడిపోయేది. వెంటనే తిట్లు మొదలు. "నిన్న చెప్పానా లేదా నీకు. ఇవాళ నర్సమ్మ దగ్గరికి పోకపోతే నిన్ను గంపలో వేసి మోసుకుపోతా." గుంట పడకపోతే ఆ పొట్ట మీద వేలితో చిన్నగా తట్టి, "ఏరా, లోపల చల్లగా ఉందా నీకు? మాకు ఇక్కడ ఒళ్ళు కాలిపోతోంది," అనేది. షెడ్డంతా నవ్వేవాళ్ళు.

ఆవిడకి అన్నీ తెలుసని కాదు. బొప్పాయి ముక్క నోట పెట్టుకున్నారని ఒకసారి ఇద్దరమ్మాయిల్ని ఏడిపించింది. ఆ సంగతి మీదే ఆరోగ్య కేంద్రం నర్సమ్మతో పెద్ద గొడవ పెట్టుకుని, ఓడిపోయి వచ్చింది. మర్నాటి నుంచి నర్సమ్మ చెప్పిన మాటలే, "నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా" అంటూ అందరికీ చెప్పేది. ఎవరైనా నవ్వితే, "నవ్వండే, పళ్ళు రాలేదాకా నవ్వండి," అనేది.

ఆవిడ పెట్టిన మొదటి పద్ధతి నీడ పని. కడుపుతో ఉన్నవాళ్ళు ట్రేలు మోయకూడదు, నీడన కూర్చుని కాయ ఏరాలి, కూలి మాత్రం అందరితో సమానం. ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు ముఠా మొత్తాన్నీ వెంటబెట్టుకుని వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను.

"అంత కష్టంగా ఉంటే ఇంటి దగ్గర ఉండమను మేస్త్రమ్మా, పని మానెయ్యమను," అన్నాను.

"ఇంటి దగ్గరుంటే ఏం తింటారండీ, గోడలా?"

"నీడన కూర్చునేవాళ్ళకీ మోసేవాళ్ళకీ ఒకటే కూలి అంటే ఎలా?"

"వాళ్ళు మోయాల్సింది మేం మోస్తాం బాబూ. తలా కాస్త ఎక్కువ ఎత్తుకుంటాం. మీ కాయ ఒక్కటి తగ్గితే అప్పుడు అడగండి." అని వెనక్కి తిరిగి, "ఏమే, మోస్తారా లేదా? ఇక్కడ తల ఊపి అక్కడ నడుం నొప్పి అన్నారంటే ఊరుకోను," అంది.

మోస్తామన్నారు. మోశారు. నా కాయ తగ్గలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి రోజుకొకరు ఉడికించిన గుడ్డు తెచ్చే వంతు కూడా ఆ ఏడాదే పెట్టింది. తినేదాకా ఎదురుగా నిలబడేది. "ఇంటికి తీసుకెళ్తే మీ అత్త తింటది. ఇక్కడే నమలు," అనేది. ఆ అత్త పక్కనే మచ్చకాయలు ఏరుతూ ఉన్నా సరే.

తర్వాత ఎవరో సంస్థవాళ్ళు చూడటానికి వచ్చారు. నాకు శాలువా కప్పారు. నేను మైకు పట్టుకుని, మా షెడ్డులో గర్భిణులకి ఇలాంటి సదుపాయం కల్పించాం అని మాట్లాడాను. మేస్త్రమ్మ వెనక వరసలో ట్రేల దొంతర మీద చెయ్యేసి నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. దిగి వచ్చాక అంది: "బాగా మాట్లాడారండీ. ఆ శాలువా చలికాలం దాకా దాచుకోండి, ఇప్పుడు చెమట పడతది."

ఆ ఊపులోనే బండి సంగతి అడిగింది.

కాలనీ నుంచి తారురోడ్డుకి తోటల మధ్య ఇసుకబాట. అంబులెన్స్ తారురోడ్డు దాకా వస్తుంది. వాన పడ్డ ఆ బాటలోకి దిగితే దిగబడిపోతుంది. చిన్న ట్రాలీ ఆటో అయితే నడుస్తుంది. మిగతా నెలల్లో ఎవరి ఆటో అయినా దొరుకుతుంది. సీజన్‌లో మాత్రం చక్రం ఉన్న ప్రతిదాని మీదా కాయే ఉంటుంది. అందుకని షెడ్ల వాళ్ళం వంతులు వేసుకుని వారానికొకరం ఒక ట్రాలీ ఆటో ఖాళీగా ఉంచాలంది.

"సీజన్‌లో ఖాళీ బండా?" అని మాలో ఒకాయన నవ్వాడు.

"కాన్పుకి సీజన్ తెలీదు కదండీ," అంది.

ఒప్పుకున్నాం. దాన్ని వంతు బండి అనేవాళ్ళు. సోమవారం పొద్దున వంతు ఎవరిదైతే వాళ్ళ వాకిట్లోకి వచ్చి, బండి కడిగించి, వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద పాత చీరలతో కుట్టిన తన బొంత వేసేది. పరిచాక తనే ఎక్కి అటూ ఇటూ ఒకసారి దొర్లి చూసేది. "కింద రేకు తగులుతోంది, ఇంకో మోపు వెయ్యండ్రా," అనేది. ఆ బండిలో వెళ్ళి చాలామంది కన్నారు. ఆ వంతు నడిచినంతకాలం కాలనీలో ఎవరూ పురిటి నొప్పులతో బైక్ ఎక్కలేదు. ఆవిడ ఎక్కనివ్వలేదు. ఆ ఇసుకలో బైక్ జారి ఒకావిడ కడుపుతో పడిపోవడం తను కళ్ళారా చూసిందట.

ఒక ఏడాది మే నెలలో తెల్లవారుజామున గాలిదుమారం వచ్చింది. వాన కూడా పడింది. తెల్లారి చూస్తే తోటల్లో కింద నేల కనపడలేదు, అంతా కాయే. రాలిన కాయ ఆ పూట అమ్ముకోవాలి, మర్నాటికి నల్లబడుతుంది. ఉన్న బండ్లన్నీ నింపి నూజివీడు మార్కెట్‌కి తోలేశాను. ఇంకా ఒక గుట్ట మిగిలింది. ఆ వారం వంతు నాది. వాకిట్లో ట్రాలీ ఆటో గడ్డి పరుచుకుని నిలబడి ఉంది.

మామిడికాయ తోలేవాడికి గడ్డి పరిచిన ఖాళీ బండి చూస్తే ఏమనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. దెబ్బ తగలకుండా కాయ వెళ్ళడానికి అంతకన్నా ఏం కావాలి. మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చేస్తుంది కదా అనుకున్నాను. బొంత తీసి అరుగు మీద పడేసి కాయ ఎత్తమన్నాను.

డ్రైవర్ శ్రీను నసిగాడు. "మేస్త్రమ్మ చూస్తే చంపుద్దండీ."

"ఆవిడకి నువ్వు చెప్తావా, నేను చెప్తానా? పద," అన్నాను.

మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. ఎవరిదో ఫోన్ తీసుకుని, ఎప్పటిలాగే అరుస్తూ. "బాబూ, దుర్గకి నొప్పులొచ్చాయి. నెల ముందే వచ్చాయి. అంబులెన్స్‌కి చెప్పాం, తారురోడ్డు మీదకి వస్తదంట. బండి పంపండి."

దుర్గ ఆ ఏడాదే నీడ పనిలోకి వచ్చిన అమ్మాయి. తొలిచూలు. నేను అప్పటికే శ్రీనుకి ఫోన్ చేసి ఉన్నాను. అందరి తోటల్లోనూ కాయ రాలింది, అందరూ ఆ పూటే తెచ్చారు. మార్కెట్ దగ్గర ముందు లారీలు, వెనక లారీలు. కదలడానికి లేదన్నాడు. ఆ సంగతి ఆవిడతో చెప్పాల్సింది. చెప్పి ఉంటే మంచం మీద మోసేవాళ్ళు, పక్క ఊరి నుంచి ఇంకో బండి పిలిచేవాళ్ళు, ఏదో ఒకటి చేసేవాళ్ళు.

"పంపించాను. దారిలో ఉంది," అన్నాను.

ఎందుకలా అన్నానంటే, వంతు బండి మీద కాయ తోలానని ఒప్పుకోలేక. అంతకన్నా వేరే కారణం వెతికాను గాని దొరకలేదు. శ్రీను ఈలోగా ఎలాగో బయటపడతాడని కూడా అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ ఫోన్. మళ్ళీ అదే మాట చెప్పాను. ఈసారి, దారిలో చెట్టు పడిందట, తీస్తున్నారట అని కూడా కలిపాను. గాలివాన రోజు ఆ మాట ఎవరు నమ్మరు?

కాలనీలో ఏం జరిగిందో తర్వాత విన్నాను. దుర్గ మొగుడు బైక్ స్టార్ట్ చేశాడు. మేస్త్రమ్మ తాళం లాగేసుకుంది. "తడి ఇసుకలో పడేసి చంపుతావా దాన్ని? బండి దారిలో ఉంది, ఆగు," అంది. చాలాసేపు ఆగారు. ఇక రాదని అర్థమయ్యాక నలుగురు ఆడవాళ్ళు మంచం ఎత్తుకున్నారు. తోట మధ్యలోనే కాన్పు అయిపోయింది. మగబిడ్డ. ఏడవలేదు. వాళ్ళు తారురోడ్డు ఎక్కే వేళకి అంబులెన్స్ అక్కడే కాచుకుని ఉంది. శ్రీను బండి కూడా అప్పుడే వచ్చింది. దుర్గ బతికింది.

ఊరు రెండు మాటలు చెప్పుకుంది. గాలికి చెట్టు పడింది, అది దేవుడి పని. బైక్ ఆపింది, అది మేస్త్రమ్మ పని. మూడో మాట నా దగ్గరా శ్రీను దగ్గరా ఉండిపోయింది. శ్రీను నా దగ్గర పనిచేసేవాడు.

మర్నాడు ఆవిడ మా ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. నా పక్కనే, నేను మర్చిపోయిన ఆ బొంత. బండిలో కనపడకపోతే గాలికి ఎగిరిపోయిందని కాలనీవాళ్ళు అనుకున్నది. ఆవిడ బొంత వంక చూసింది. కొంగు సర్దుకుంది. అంత గొంతున్న మనిషి చాలా మెల్లగా మాట్లాడింది.

"బాబూ, ఒకసారి వచ్చి దుర్గతో ఒక్క మాట చెప్పండి. నా ముఖం చూడనంటోంది. బండి రాకపోవడం నావల్ల కాదని మీరు చెప్తే వింటది."

"ఇప్పుడు పుట్టెడు దుఃఖంలో ఉంది మేస్త్రమ్మా. నిదానంగా చెప్దాంలే," అన్నాను.

"అలాగేనండీ," అంది. బొంత తీసుకుని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఇది ఇక్కడెందుకు ఉందని అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. గట్టిగా అడిగితే నీడ పని ఎత్తేస్తానని భయపడి ఉండవచ్చు. ఎత్తేసేవాణ్ణే అనుకుంటాను, ఆ రోజుల్లో.

ఆ తర్వాత కూడా అడిగింది. కాయ మొదలయ్యే ముందు ముఠా మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడల్లా, కూలి సంగతీ మనుషుల సంగతీ అయిపోయాక, గుమ్మం దగ్గర ఆగి, "దుర్గతో మాట్లాడతానన్నారండీ," అనేది. "గుర్తుందిలే," అనేవాణ్ణి. కొన్నేళ్ళకి అడగడం మానేసింది. అడగనందుకు నాకు హాయిగా ఉండేది. అదీ రాయాలి కదా.

వంతు బండి ఆ ఏడాదితోనే ఆగిపోయింది. అవసరానికి రాని బండిని ఖాళీగా ఉంచి ఏం లాభం అని షెడ్ల వాళ్ళమే అన్నాం. ఆ మాట మొదట అన్నది నేనే. కాలనీవాళ్ళు మళ్ళీ బైకులెక్కారు. మేస్త్రమ్మ వద్దంటే, "నీ మాట విన్న దుర్గ ఏమైంది?" అనేవాళ్ళు. ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు ఉంది. నా అరుగు మీద దొరికిన బొంత ఉంది. ఒక్కసారి కూడా అనలేదు.

నీడ పని మాత్రం నిలబెట్టుకుంది. కాళ్ళు చూడటం కూడా మానలేదు. కొందరు చూపించేవారు, కొందరు తప్పించుకునేవారు. దుర్గ మళ్ళీ కడుపుతో షెడ్డుకి వచ్చిన ఏడాది నేను చూశాను. నీడన కూర్చుని కాయ ఏరుతోంది. మేస్త్రమ్మ అలవాటు కొద్దీ వరసగా అందర్నీ చూసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. దుర్గ తల ఎత్తకుండా రెండు కాళ్ళూ చీర కిందికి లాక్కుని, కుచ్చెళ్ళు బిగించి కూర్చుంది. ఆవిడ ఒక్క క్షణం అక్కడ వంగినట్టే నిలబడి, కిందపడ్డ కాయ ఏదో తీస్తున్నట్టు తీసి, ట్రేలో వేసి, పక్కమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఫోన్ చూసుకున్నాను.

దుర్గకి ఆ కాన్పులో ఆడపిల్ల. పుట్టింట్లో పురుడు. అక్కడినుంచి వచ్చిన కబురు మేస్త్రమ్మకి ఎవరూ చెప్పలేదు. నన్ను అడిగింది. "దుర్గకి ఏమైందండీ?" చెప్పాను. "కాళ్ళు వాచాయేమో అనుకున్నా," అంది. అంతే.

ఈ ఏడాది కోతలు మొదలైన రోజుల్లో ఆవిడ జ్వరంతో పడి లేవలేదు.

పెద్దకర్మ భోజనం తిని వచ్చిన మర్నాడు దుర్గ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి కుర్చీ తేబోయింది, వద్దన్నాను. నిలబడే చెప్పాను. నేను వంతు బండి మీద కాయ తోలింది, ఫోన్‌లో అబద్ధమాడింది, పడని చెట్టు పడిందన్నది, ఆవిడ నా దగ్గరికి వచ్చి అడిగింది. మొత్తం చెప్పేదాకా ఆమె తడి చీర రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉంది.

"ఆవిడకి తెలుసా?" అంది.

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేను చెప్తానని చూసింది."

దుర్గ చీర పిండకుండానే తీగ మీద వేసింది. నీళ్ళు కారుతున్నాయి. "పోయిన రోజు అందరూ వెళ్ళారండీ. నేను వెళ్ళలేదు. తలుపేసుకుని లోపల కూర్చున్నా. మా అత్త తిట్టింది. ఆ మనిషి శవం మీద పువ్వు వెయ్యడానికి కూడా నాకు చెయ్యి రాదు అన్నాను. ఆ మాట అన్నానండీ నేను. మీరు ఒక్క నెల ముందు వచ్చి ఉంటే..."

నేను ఏదో అనబోయాను.

"నాకు చెప్పి వెళ్ళిపోతే సరిపోద్దా? అందరూ అన్నారు ఆవిణ్ణి. షెడ్డులో చెప్పండి. అందరూ ఉన్నప్పుడు చెప్పండి."

ఆ మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డుకి వెళ్ళాను. అందరూ ట్రేల మధ్య గుండ్రంగా కూర్చుని క్యారియర్లు సర్దుకుంటున్నారు. దుర్గ వచ్చి స్తంభం దగ్గర నిలబడింది. నేను చెప్పాను. ఊరి పెద్దల దగ్గర కూడా చెప్తానన్నాను, ఆవిడ తప్పు ఏమీ లేదన్నాను. ఒకావిడ మూత పెట్టబోయిన డబ్బాని అలాగే పట్టుకుంది.

ఏం అంటారా అని ఎదురుచూశాను. తిడతారనుకున్నాను. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే కోరుకున్నాను.

ముఠాలో అందరికన్నా పెద్దావిడ, ఆ రోజు మంచం మోసినవాళ్ళలో ఒకావిడ, కొంగుతో నోరు తుడుచుకుని అంది: "పోనీలెండి బాబూ. కావాలని చేశారా ఏంటి? మార్కెట్లో బండి ఇరుక్కుపోద్దని మీరు మాత్రం కలగన్నారా?"

"అవునండీ. జరిగేది జరక్క మానదు," అంది ఇంకొకావిడ.

"పాపం, అన్నేళ్ళు మనసులో పెట్టుకుని ఎంత నలిగిపోయారో," అంది మూడో ఆవిడ.

ఎవరో ప్లాస్కులోంచి గ్లాసులోకి టీ వంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. కూర్చోమని కుర్చీ వేశారు.

దుర్గ స్తంభం దగ్గర్నుంచి కదల్లేదు. పెద్దావిడ వంకే చూస్తూ అడిగింది. "పెద్దమ్మా, కావాలని చేసిందా ఏంటి అని ఆవిడ్ని గురించి ఒక్కరోజైనా అన్నావా నువ్వు? నేనైనా అన్నానా?"

పెద్దావిడ క్యారియర్ మూతపెట్టి పక్కకి నెట్టి, ముందున్న కుప్పలోంచి కాయ తీసి సొన తుడవడం మొదలుపెట్టింది. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్ళూ లేచి పనిలోకి వెళ్ళారు. దుర్గ వెళ్ళి తన చోట కూర్చుంది.

నేను కుర్చీలో ఉన్నాను. చేతిలో టీ ఉంది. "చల్లారిపోతుందండీ, తాగండి," అన్నారెవరో. తాగాను.